లారీ తాగిన చెలిమె నీళ్ళు

మొన్న ఎండాకాలం తమ్ముడు సత్తయ్యను చూసి వద్దామని కేతేపల్లి పక్కనున్న మా పుట్టింటి ఊరికి వెళ్ళాను. వెళ్ళిన వేళ మంచిది కాదు. తమ్ముడి మనవడు నరేశ్ బత్తాయిలు మార్కెట్టుకు తోలడానికని కొద్దిరోజుల ముందే కొత్త ట్రక్కు కొన్నాడు. దానికి మొదటిసారి ఇంజనాయిలు మార్చే రోజు దగ్గరపడింది. ఏ ఆయిలు పోయాలన్నది తేలేదాకా ఆ ఇంట్లో మనిషికి మనిషి మొహం చూసి మాట్లాడుకునే తీరిక లేదు. పలచటిది పోయమని ఒకడు ఫోను చేస్తాడు. ఈ ఎండలకు చిక్కటిదే ఆగుతుందని ఇంకొకడు చేస్తాడు. తాము అమ్మేదే పోయాలని షోరూం మనిషి బెదిరిస్తే, అదంతా ఉత్తదేనని నకిరేకల్ మెకానిక్కు నవ్వుతాడు. నేను వచ్చి రెండు పూటలైనా ప్రయాణం ఎట్లా సాగిందని నరేశ్ అడగలేదు. అరుగు మీద రంగురంగుల డబ్బాలు వరసగా పేర్చి, వాటి మీది అంకెలు చదువుతూ కూర్చున్నాడు. నేను కాస్త నీడ చూసుకుని అరుగు చివర కూర్చుంటే దగ్గరికి వచ్చి, "అమ్మమ్మా, జర గటు జరుగవా, డబ్బాలకు ఎండ తాకుతున్నది" అన్నాడు. వాడికి నేను అమ్మమ్మ వరస. ఎనభై దాటిన మనిషిని ఎండలోకి జరిపి, నూనె డబ్బాలను నీడలోకి జరిపాడు.

నాకు ఒళ్ళు మండింది. మండిన మరుక్షణమే మా నాన్న, బాపు గుర్తొచ్చాడు. పోయినవాళ్ళు గుర్తొస్తే కళ్ళు చెమ్మగిల్లుతాయంటారు. బాపు గుర్తొస్తే నాకు ముందు విసుగొస్తుంది, ఏడుపు తర్వాత తీరిగ్గా వస్తుంది. ఈ ఇంట్లో కొత్త బండి ముందు మనుషులు ఇట్లా చిన్నబోవడం నేను ఇదివరకే ఒకసారి చూశాను. అప్పుడు నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు. నిజాం సర్కారు రోజులు. మా చుట్టుపక్కల ఊళ్ళలో మోటరు చప్పుడు వినబడితే ఎద్దులు తాళ్ళు తెంపుకునేవి.

బాపు ఆముదాల వ్యాపారం చేసేవాడు. పెద్ద వ్యాపారమేమీ కాదు. చుట్టుపక్కల మెట్ట చెల్కల్లో పండిన ఆముదాలు, పల్లికాయ కొని, బండ్ల మీద భువనగిరి స్టేషనుకు తోలించేవాడు. మా ఇల్లంతా ఆముదమే. వాకిట్లో ఆరబోసిన ఆముదాల గింజలు, వసారాలో బస్తాలు, వెనక దొడ్లో అవ్వ కాచే ఆముదం. అవ్వ అంటే బాపు తల్లి. గింజలు వేయించి, రోట్లో దంచి, పెద్ద కుండలో నీళ్ళు పోసి ఉడకబెట్టి, పైకి తేలిన నూనెను గరిటెతో తీసి ఇంకో కుండలోకి వంచేది. ఆ వాసన మా బట్టల్లో, జుట్టులో, పెరుగన్నంలో కూడా ఉండేది. బండి ఊరు దాటే ముందు అవ్వ స్వయంగా ఒక పాతగుడ్డను ఆముదంలో ముంచి ఇరుసుకు పట్టించేది. కందెన పట్టించకుండా బండి కదలకూడదు. అది ఆమె పెట్టిన చట్టం. బండి పోతుంటే కిర్రుమనకపోతే, ఆ ఇంటి ఆడవాళ్ళకు పని తెలుసునని ఊళ్ళో అనుకుంటారట. బండ్లు పోయి రావడానికి చాలా రోజులు పట్టేది, వానలొస్తే వాగుల దగ్గర ఆగిపోయేవి. ఆ విసుగులోనే బాపుకు లారీ ఆలోచన పుట్టింది.

లారీ వచ్చిన రోజు ఊరంతా వచ్చింది. ఆకుపచ్చ రంగు, ముందు పెద్ద ముక్కు, చెక్కల ఒళ్ళు. బాపు దాని చుట్టూ తిరిగి తిరిగి చెక్కలు తడుముతూనే ఉన్నాడు. ఆ మాత్రం సంతోషానికి ఆయనను ఏమీ అనను. తర్వాత మొదలైంది అసలు బాధ. లారీతో పాటు పట్నం నుంచి ఖాసిం ఉస్తాదు అనే డ్రైవరు వచ్చాడు. కొత్త మోటరుకు మొదట పోసిన నూనెను తొందరగా తీసేసి, వేరే నూనె పోయాలని, లేకపోతే లోపల ఇనుము ఇనుమును తింటుందని చెప్పాడు. లారీ అమ్మిన దుకాణం మనిషి కూడా అదే అన్నాడట. అయితే ఏ నూనె అన్న దగ్గర ఇద్దరికీ కుదరలేదు. చలికి పలచటిది, ఎండకు చిక్కటిది పోయమన్నాడు దుకాణం మనిషి. ఉస్తాదుకు పలచటిదంటే చిన్నచూపు.

"సావుకారీ, గా దుకాన్ల కూసున్నోనికి సడక్ ఏమెర్క? ఈ మోటరుకు మోటా తేల్ పోయాలె. పత్లా పోస్తే నీల్లోలె జారిపోతది. తర్వాత నన్ననద్దు" అన్నాడు.

బాపు రెండు రకాల టిన్నులూ తెప్పించాడు. తెప్పించి, ఆముదం బేరం చేసినట్టే చేశాడు. ముందు వాసన చూశాడు. తర్వాత బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వేసి రుద్దాడు. సాగదీశాడు. ఎండకు ఎత్తి పట్టి రంగు చూశాడు. చివరికి నాలుక మీద కూడా వేసుకున్నాడు. నేను కళ్ళారా చూశాను. మొహం అదోలా పెట్టి ఉమ్మేసి, "సరుకు మంచిదే" అన్నాడు. ఏ సరుకు మంచిదో మాత్రం తేల్చలేదు. మళ్ళీ మర్నాడు అదే తంతు. వచ్చినవాడికల్లా వేలి మీద ఒక చుక్క వేసి, "నువ్వే చెప్పు" అనేవాడు. ఆముదాలు అమ్ముకుందామని వచ్చిన రైతు, తన గింజలు తూకం వేసేదాకా ఆ చుక్క రుద్దుతూ నిలబడాల్సిందే. వాళ్ళ కోసం అమ్మ వంటింట్లోంచి చల్ల చెంబులు మోసేది. మా అమ్మ నోరు చిన్నది, ఓపిక పెద్దది. ఆ వారం ఆమె ఓపిక కూడా అంచు దాకా వచ్చింది. "పెండ్లిసంబంధానికి గూడ ఇన్ని తీర్ల జూడలే. నన్ను జూసిననాడు బువ్వ తిని లేచిపోయిండు" అని నాతో గొణిగింది.

అవ్వకైతే అసలు ఈ చర్చే నచ్చలేదు. ఇంటి నిండా ఆముదం పెట్టుకుని, సీమదేశాల నుంచి టిన్నుల్లో వచ్చిన నల్లనూనె ఎందుకని ఆమె వాదన. "నీ తాత నాటి నుంచి ఇరుసుకు ఆముదమే పోస్తున్నం. ఒక్క బండన్న ఆగినాదిరా? గా టిన్నులది గబ్బు వాసనొస్తున్నది, గది బండి కడుపుల పోస్తవా?" అని నిలదీసింది. ఇది ఇరుసు కాదని, ఇంజనని, దాంట్లో ఆముదం పోస్తే జిగురై పట్టేస్తుందని బాపు చెప్పిచూశాడు. ఆమె విన్నట్టే ఊరుకుంది. విననేలేదని మర్నాడు పొద్దున తెలిసింది.

చివరికి చిక్కటిదే గెలిచి, ఉస్తాదు నూనె మార్చాడు. లారీ మొదటిసారి బస్తాలతో బయలుదేరింది. మా ఇంటి ముందు నేల కాస్త వాలుగా ఉండేది. లారీ ఆ వాలులో దిగి, మలుపు దగ్గర ఆగాలి. ఆగలేదు. ఉస్తాదు కాలితో బ్రేకు నొక్కుతున్నాడు, అది మాత్రం నింపాదిగా జారుకుంటూ పోయి ఎదురింటివాళ్ళ పెంటకుప్పలో ముక్కు పెట్టింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఉస్తాదు దిగి చక్రాలు ఊడదీసి చూస్తే, లోపల బ్రేకు పట్టుకునే చోటంతా ఆముదం. బండి ఊరు దాటుతుందని అవ్వ తెల్లవారకముందే లేచి, సందు దొరికిన చోటల్లా గుడ్డతో కందెన పట్టించింది. చక్రానికి కందెన పెట్టకుండా తోలడం ఆమె దృష్టిలో పాపం. చక్రం ఆగడానికి కూడా ఒక ఏర్పాటు ఉంటుందని ఎడ్లబండే చూసిన మనిషికి ఎట్లా తెలుస్తుంది? ఎద్దుల ముక్కుతాడు లాగితే బండి ఆగుతుంది, అంతే.

ఆ రోజు నుంచి బాపు గట్టి కట్టుబాటు పెట్టాడు. లారీని ఇంట్లో ఎవరూ ముట్టకూడదు. నూనైనా నీళ్ళైనా తన చేత్తోనే పోయాలి. పొద్దున లేవగానే మొహం కడుక్కోకముందే బానెట్టు ఎత్తేవాడు. నూనె కొలిచే ఇనుప పుల్లను బయటికి తీసి, తుడిచి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీసి, గీత దాకా ఉందా లేదా అని సూర్యుడి వైపు తిప్పి చూసేవాడు. తుడవడానికి పోగులు రాలని మెత్తటి గుడ్డ కావాలన్నాడు ఉస్తాదు. బాగా ఉతికి ఉతికి మెత్తబడ్డ గుడ్డ మా ఇంట్లో ఒకటే రకం ఉంది, అమ్మ కట్టుడు చీరలు. దండెం మీద ఆరేసిన చీరకు ఒక మూల చింపిన గుర్తు చూసి, అమ్మ ఎవరినీ అడగకుండానే కొంగు మార్చి కట్టుకునేది. గేరు డబ్బాకు వేరే నూనె, స్ప్రింగులకు కొవ్వు కందెన, బ్యాటరీకి వాననీళ్ళు. వాన పడితే వాకిట్లో నాలుగు గుంజలకు తెల్ల ధోవతి కట్టి, నడుమ కింద జాడీ పెట్టి పట్టేవాడు. ఆ జాడీకి మూత, మూత మీద రాయి. దాహమేసి అటు చూసినా బాపు కేకేసేవాడు.

ఇక్కడి నుంచే నీళ్ళ సంగతి మొదలవుతుంది. మా ఇంటి ముందు బావి ఉప్పుబావి. ఊళ్ళో దాదాపు అన్నీ అంతే. ఆ నీళ్ళు కాచిన గంగాళానికి లోపల తెల్లగా గార పట్టేది, ఇటుకరాయితో గీరినా పోయేది కాదు. ఆ నీళ్ళతో పప్పు ఎంతసేపు పెట్టినా గింజ గింజగానే ఉండేది. తాగడానికీ పప్పుకూ మంచినీళ్ళు కావాలంటే ఊరవతల వాగు దాకా పోవాలి. అక్కడ ఇసుకలో మోకాలి లోతు గుంట తవ్వితే అడుగున తేటనీరు ఊరుతుంది. దాన్ని చెలిమె అంటాం. కొబ్బరిచిప్పతో మెల్లగా తోడి బిందెలోకి పోసుకోవాలి. తొందరపడి తోడితే ఇసుక కదులుతుంది, మళ్ళీ తేరేదాకా కూర్చోవాలి. లారీ రాకముందు రోజూ పొద్దున అమ్మ ఒక బిందె చెలిమె నీళ్ళు తెచ్చేది. నేను పుట్టి పెరిగింది ఆ నీళ్ళతోనే.

లారీకి మొదట ఉప్పుబావి నీళ్ళే పోశారు. కొన్నాళ్ళకు రేడియేటరు మూత తీసి చూస్తే అంచు చుట్టూ తెల్లగా గార. బాపు మొహం పాలిపోయింది. గంగాళం అడుగు ఎట్లా ఉంటుందో ఆయనకు తెలుసు. లోపలి సన్నటి గొట్టాలు అట్లా మూసుకుపోతే ఇంజను ఉడికి చస్తుందని ఉస్తాదు చెప్పాడు. "గిసొంటి నీల్లు పోసుడు బంద్ వెట్టాలె సావుకారీ, మీఠా పానీ కావాలె" అన్నాడు. ఆ సాయంత్రమే బాపు అమ్మను పిలిచి, రేపటి నుంచి చెలిమె నీళ్ళు లారీకి పోయాలన్నాడు. అడిగినట్టు లేదు, తూకం చెప్పినట్టు చెప్పాడు.

"మరి ఇంట్లకు?" అంది అమ్మ.

"మన బాయి లేదా? ఊరంత తాగుతలేదా గా నీల్లు?" అన్నాడు బాపు.

అది నిజమే. వాగుకు పోయే ఓపిక లేనివాళ్ళంతా ఉప్పుబావి నీళ్ళే తాగేవారు. ఎవరూ చావలేదు. ఆ నీళ్ళు గొట్టాలను ఏం చేస్తాయో ఉస్తాదు ఒక్క మాటలో చెప్పగలిగాడు గానీ, మనుషుల్ని ఏం చేస్తాయో అప్పుడు ఎవరూ చెప్పలేదు. అడగాలని కూడా ఎవరికీ తోచలేదు. ఆ మాట ఒప్పుకుంటాను, ఒప్పుకున్నా కోపం తగ్గదు. ఎందుకంటే గంగాళాన్ని చూసి గొట్టాల సంగతి ఊహించిన మనిషి, ఇంకొక్క అడుగు ముందుకేసి కడుపు సంగతి ఎందుకు ఊహించలేదని నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అమ్మా నేనూ బిందెలు మోసేవాళ్ళం. లారీ దాహం అంతా ఇంతా కాదు. దూరం పోయి వస్తే ఆవిరైన మేరకు నింపాలి. అది చాలక బాపు ప్రతి వారం ఉన్న నీళ్ళు కింది కుళాయి తిప్పి వదిలేసి, లోపల కడిగి, మళ్ళీ కొత్తగా నింపేవాడు. కడిగిన నీళ్ళు కూడా చెలిమెవే. ఎండాకాలం వచ్చేసరికి వాగు ఇసుక వేడెక్కి, చెలిమె అడుగుకు పోయింది. ఒక చిప్ప ఊరాలంటే చీర చెంగు నెత్తిన వేసుకుని కూర్చోవాలి. కష్టపడి ఒక బిందె నిండేది. అమ్మ దాన్ని నెత్తిన పెట్టుకుని ఇంటికి తెచ్చి, వంటింటి ముందు నుంచే నడిచి, లారీ దగ్గర దించేది. వంటింట్లో పప్పు ఉడికేది కాదు. బాపు అన్నం ముందు కూర్చుని, "పప్పేంది గిట్ల రాల్లున్నట్టున్నది?" అని అడిగేవాడు. నాకు కంచం ఎత్తి పడేయాలనిపించేది.

సత్తయ్య అప్పుడే పాలు మానిన పిల్లవాడు. మొదటి నుంచీ ఉప్పునీళ్ళు వాడికి పడేవి కావు. నోట్లో పోస్తే పెదాలు బిగించేవాడు. ఆ ఎండల్లో వాడికి విరేచనాలు పట్టుకున్నాయి. కళ్ళు లోపలికి పోయాయి, ఏడిస్తే కన్నీళ్ళు రావడం లేదు. ఊరి వైద్యుడు వచ్చి చేయి పట్టుకుని చూసి, మందు ఇచ్చి, "చెలిమె నీల్లతోని జావ గాసి తాపుండ్రి. బాయి నీల్లు ఇయ్యకుండ్రి, ఈ కడుపుకు ఆగవు" అన్నాడు. అప్పటికే పొద్దు వాలుతున్నది. ఆ పూట తెచ్చిన బిందెడు లారీలో పోయడం అయిపోయింది. మర్నాడు భువనగిరికి పెద్ద బేరం ఉందని బాపు ఆ మధ్యాహ్నమే రేడియేటరు కడిగి నింపాడు. చెలిమెలో ఇంకో చెంబెడైనా ఊరాలంటే తెల్లవారాలి. అమ్మ బాపు దగ్గరికి వెళ్ళింది.

"లారీల నుంచి ఒక్క చెంబు దియ్యి. పిల్లగానికి జావకు" అంది.

"దాంట్ల కెల్లి తీసుడేందే? నింపింది తీస్తే గాలి చేరుతదంట లోపల. పొద్దుగాల నేను పోంగనే వాగుకు పోయి తెచ్చుకో. గంతల ఏమైతది?" అన్నాడు బాపు.

అన్నాక, నూనె పుల్ల తీసి చూడడానికి బానెట్టు ఎత్తాడు. నేను అక్కడే ఉన్నాను. అమ్మ ఆయన వీపు వైపు కాసేపు చూసింది. లోపలికి వచ్చి బియ్యం నూక దంచుకుని, పొయ్యి రాజేసి, బాపు బీడీ కాల్చుకోవడానికి ఎదురింటి అరుగు మీదికి పోయేదాకా ఆగింది. తర్వాత ఖాళీ బిందె పట్టుకుని తిన్నగా లారీ ముందుకు వెళ్ళి, వంగి, ప్రతి వారం బాపు అందరికీ చూపించే ఆ కుళాయిని తిప్పింది. మొదట వచ్చిన చెంబెడు పారబోసింది. తర్వాత బిందె పెట్టింది. నీళ్ళు తీరిగ్గా, చివరి బొట్టు దాకా కారాయి. కుళాయి మళ్ళీ బిగించి, బిందె చంకన పెట్టుకుని లోపలికి వస్తుంటే అవ్వ గడప దగ్గర చూసింది. ఇక గొడవే అనుకున్నాను. అవ్వ పక్కకు జరిగి దారిచ్చి, "రెండు మడతల గుడ్డేసి వడగట్టు. రాగి గొట్టాలేనాయె, రాగి చెంబుల నీల్లు తాగమా?" అంది.

ఆ రాత్రికి, మర్నాడు పొద్దుటికి సత్తయ్య ఆ జావ తాగాడు. పెదాలు బిగించకుండా తాగాడు. పొద్దున బాపు, ఉస్తాదు బయలుదేరుతుంటే నేను వాకిట్లో ముగ్గు పక్కన నిలబడి చూస్తున్నాను. బాపు నూనె పుల్ల తీశాడు, తుడిచాడు, పెట్టాడు, తీశాడు. ఉస్తాదు తీసి చూశాడు. మళ్ళీ బాపు తీసి సూర్యుడి వైపు తిప్పాడు. ఉస్తాదు రేడియేటరు మూత మీద చెయ్యి వేయబోతే బాపు ఆపాడు.

"గది నేనే నింపిన నిన్న. మల్లమల్ల దీసి దుమ్ము వడగొట్టకు. నువ్వు నూనె జూడు" అన్నాడు.

ఊరు దాటి కేతేపల్లి సడక్ ఎక్కేసరికి లారీ ముక్కులోంచి పొగ, లోపల్నుంచి ఇనుము కాలిన వాసన. ఆ తర్వాత టప్‌మని ఒక చప్పుడు, అంతే. ఎంతో ఎంచి పోసిన చిక్కటి నూనె లోపల కాలి తారైంది. చివరికి మా ఎద్దులనే తోలుకుపోయి లారీకి కట్టి ఈడ్పించారు. నడుచుకుంటూ వచ్చిన బాపు చొక్కా నిండా మసి. వాకిట్లోకి వచ్చి, కుళాయి ఎవరు తిప్పారని అడిగాడు. అడుగుతూ ముందు నా వైపు చూశాడు.

"దాన్ని జూడకు. నేనే తిప్పిన. నేనే దీసిన. పిల్లగానికి జావ గాసిన" అంది అమ్మ. బిడ్డను భుజాన వేసుకుని ఉంది. గొంతు పెంచలేదు.

పిల్లవాడు ఎట్లున్నాడని బాపు అడుగుతాడని నేను చూస్తున్నాను. ఆయన అడిగింది వేరే. "అన్నీ దీసినవా? జరంతన్న ఉంచినవా?" అన్నాడు.

"ఉంచలే" అంది అమ్మ.

అప్పుడు అవ్వ అందుకుంది. "ఒరేయ్, నీ బండికి నూనె నాలికె మీదేసుకొని రుచి జూసినవు. నీ కొడుకు తాగే నీల్లు ఎన్నడన్న రుచి జూసినవారా?" అంది. బాపు అరుగు మీద కూర్చుని చేతులకంటిన మసిని తుడుచుకోవడానికి గుడ్డ కోసం చూశాడు. ఆ రోజు దండెం మీద అమ్మ చీర లేదు.

లారీని పట్నం తీసుకుపోయి ఇంజను విప్పించారు. అది అక్కడ ఉన్నన్నాళ్ళు మా ఇంట్లో అందరం చెలిమె నీళ్ళు తాగాం. పప్పు వెన్నలా ఉడికేది. సత్తయ్య కోలుకుని గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. అమ్మ నవ్వడం ఆ రోజుల్లోనే ఎక్కువ చూశాను. బాపు కూడా ఆ పప్పన్నం రెండోసారి వడ్డించుకుని తిన్నాడు. ఎందుకు బాగుందో తెలియనట్టు తిన్నాడు. తర్వాత లారీ బాగై వచ్చింది. వచ్చిన మర్నాటి పొద్దున అమ్మ తెచ్చిన బిందె మళ్ళీ వంటింటి ముందు నుంచి నడిచి లారీ దగ్గర దిగింది. ఎవరూ కేకలేయలేదు, ఎవరూ కొట్టలేదు. కష్టపడి గెలిచిన అమ్మ గెలుపు అంత సులువుగా ఎట్లా పోయిందో, తలుచుకుంటే ఇప్పటికీ పళ్ళు నూరుకుంటాను. సత్తయ్య చిన్నగా ఉన్నన్నాళ్ళు అమ్మ ఒక చెంబెడు దాచి వాడి జావకు వాడేది. వాడు ఆటల్లో పడ్డాక చెంబు వెంట ఎవరు తిరుగుతారు? పిల్లలంతా బావి దగ్గరే చేద వంచుకుని తాగేవారు, వాడూ తాగాడు.

నాకు పెళ్ళి చేసి కొల్లాపూర్ పంపారు. అక్కడ కృష్ణ దగ్గర. అత్తగారింట్లో ఏం పెట్టినా పెట్టకపోయినా, నీళ్ళు మాత్రం తియ్యటివి దొరికాయి. అప్పుడప్పుడు పుట్టింటికి వస్తే తమ్ముడి పళ్ళ మీద గోధుమరంగు చారలు కనిపించేవి. నా పళ్ళ మీద లేవు. సరిగ్గా తోముకోడని అమ్మ వాణ్ని తిట్టేది. బొగ్గు పెట్టి తోమీ తోమీ వాడి చిగుళ్ళు పుళ్ళయ్యేవి. తర్వాత మోకాళ్ళ నొప్పులన్నాడు. తర్వాత నడుము వంచితే లేవదన్నాడు. వాడొక్కడే కాదు, వాడి ఈడు వాళ్ళు ఊళ్ళో సగం మంది అంతే. ఎన్నో ఏళ్ళ తర్వాత దవాఖాన నుంచి వచ్చిన వాళ్ళు బావి నీళ్ళు సీసాల్లో పట్టుకుపోయి, ఎముకల్ని పట్టేసేది ఈ నీళ్ళేనని చెప్పారు. ఇప్పుడు ఊరికి పైపుల్లో కృష్ణ నీళ్ళొస్తున్నాయి. పిల్లల పళ్ళు తెల్లగా ఉన్నాయి. సంతోషమే. నేను వాడికంటే పెద్దదాన్ని, నిటారుగా నడుస్తాను. వాడు నడిస్తే నేలను వెతుకుతున్నట్టుంటాడు. మెడ తిరగదు. చెంబెత్తి నీళ్ళు తాగాలంటే ఒళ్ళంతా వెనక్కి వాల్చాలి, ఒకరు వీపు పట్టుకోవాలి. ఒక్క తల్లి కడుపున పుట్టాం.

మూడో రోజుకు నరేశ్ ఆయిలు ఎంచుకున్నాడు. పలచటిది. ఎంచుకున్నాక కూడా తప్పు చేశానేమోనని ఇద్దరికి ఫోను చేశాడు. పాతది వదిలేసి, కొత్తది గరాటుతో పోసి, పుల్ల తీసి తుడిచి గీత చూశాడు. రేడియేటరులో పోయడానికి పచ్చటి నీళ్ళ డబ్బా, బ్యాటరీకి సీలు వేసిన నీళ్ళ సీసా. మామూలు నీళ్ళు పోస్తే గార పడుతుందని నాకు చెప్పాడు. నాకు. సత్తయ్యను మంచం మీద నుంచి లేపి, గోడకు ఆనించి కూర్చోబెడితే, వాడు కూడా చూడాలని ముచ్చటపడ్డాడు. నేను చెంబుతో నీళ్ళు తాగిస్తున్నాను, ఒక చెయ్యి వీపు వెనక పెట్టి. రెండు గుటకలు మింగి, చెంబు పక్కకు నెట్టాడు.

"అక్కా, నీకెర్కనా? బాపు లారీని పాతసామాన్లు కొనెటోనికి అమ్మిననాడు, వాడు నా ముందల్నే రేడియేటరు కోసి జూసిండు. లోపల గొట్టాలు కొత్తగ మెరుస్తున్నయి. గార రవ్వంత లేదు" అన్నాడు.

ఏమన్నా అంటే అది వాడికి తగులుతుంది, బాపుకు తగలదు.

"మంచిగ జూసుకున్నడక్కా బాపు" అన్నాడు సత్తయ్య గర్వంగా. తల ఎత్తి నా మొహం చూడలేడు కనుక, నా కాళ్ళకేసి చూస్తూ అన్నాడు.